సర్వాయి పాపడు

మన తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల గ్రామములలో వరికోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము పురులకెక్కిన పిమ్మట, పూర్వము జంగము కథకులు వచ్చుచుండెడివారు. నడుమ నిలిచిన కథకుడు తంబురా భుజమున వేసికొని, వ్రేళ్లకు అందెలు తొడిగికొని కథ నడుపుచుండ, ఇరుప్రక్కల వంతగాండ్రు గుమ్మెటలు వాయించుచు వంత పాడుచుండిరి. రాత్రి భోజనములైన తరువాత మొదలైన కథ తెల్లవారుజాము దాక సాగెడిది. నిద్రకు తాళలేని పిల్లలు తల్లుల ఒడిలో ఒరగి, యుద్ధఘట్టము రాగానే గుమ్మెటల మ్రోతకు ఉలికిపడి లేచెడివారు. ఈ జంగము కథయే ఇరువదవ శతాబ్దమున బుఱ్ఱకథ యను పేర దేశమంతట వ్యాపించినది. దానికంత ప్రసిద్ధి తెచ్చిన షేక్ నాజర్ (1920–1997) మన గుంటూరు సీమలోని పొన్నెకల్లు గ్రామమున జన్మించినవాడే.

ఆ కథకుల సంచిలో బాలనాగమ్మ యుండెను, కాంభోజరాజుండెను. పల్నాటి వీరులు, బొబ్బిలి దొరలు, దేశింగురాజు ఉండిరి. వీరిలో మానవమాత్రులందరు దొరలో, దొరల పక్షమున పోరాడినవారో. కాని వీరి నడుమ దొర కానివాడు, ఏ దొరకును తలవంచనివాడు ఒకడు కలడు. అతడు కల్లుగీత కులమున పుట్టినవాడు. దారులు కొట్టి ధనము కూర్చినవాడు. మొగలాయి చక్రవర్తి సమక్షమున ఖిలతు పొందినవాడు. తుదకు శిరచ్ఛేదము పొందినవాడు. అతడే సర్వాయి పాపడు.

పేరును గూర్చి ఒక మాట చెప్పవలెను. నేడు తెలంగాణమున ఇతనిని పాపన్న యనియు, పాపన్నగౌడు అనియు గౌరవముతో పిలుచుచున్నారు. పాత పాటలోను, పాత పుస్తకములలోను పాపడు అనియే యున్నది. మన భాషలో ఒక మనుష్యుని యంతస్తు పేరు చివరి యక్షరములోనే తెలిసిపోవును. ప్రభువు అప్పగారగును, పెద్దమనిషి అన్నయగును, పనివాడు డుకారముతోనే సరిపెట్టుకొనవలెను. ఇచట పాటలోని పేరునే నేను వాడుచున్నాను గాని, అగౌరవముచేత కాదు.

పాపని కాలము తెలిసికొనుటకు ముందు గోలకొండ పతనమును జ్ఞాపకము చేసికొనవలెను. ఆ పతనము మనకు సంబంధింపని దూరపు సంగతి కాదు. కొండవీటి సీమయు, మన రేపల్లె చేరువనున్న నిజాంపట్టణపు రేవును గోలకొండ సుల్తానుల యేలుబడిలోనివే. ఆ రేవునకు 1606లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును వచ్చి, సుల్తాను ప్రభుత్వపు అనుమతితో వర్తకము సాగించిరి. బెజవాడ కొండలో అక్కన్న మాదన్నల గుహలని మనము చూచునవి ఏ మంత్రుల పేర నున్నవో, ఆ సోదరులు 1686లో హైదరాబాదు వీథులలో హతులైరి. మరుసటి సంవత్సరము ఔరంగజేబు ఎనిమిది మాసములు ముట్టడించి, 1687 సెప్టెంబరులో గోలకొండను పట్టుకొనెను. తానీషా బందీయయ్యెను. అంతటితో మన దేశము మొగలాయి సామ్రాజ్యమున ఒక సుబా యయినది.

క్రొత్త ప్రభువులకు దక్షిణమున మహారాష్ట్రులతో ఎడతెగని యుద్ధము. యుద్ధమునకు ధనము కావలెను. ధనము భూమిశిస్తు రూపమున రైతునుండి రావలెను. శిస్తు వసూలు చేయు ఫౌజుదారులు క్రొత్తవారు, వారికి దేశభాష రాదు. వారి క్రింద నున్న జమీందారులు పాతవారు, వారికి ఊరూర కోటలును, బలగములును కలవు. హైదరాబాదునుండి ఓరుగల్లు పోవు రాచబాటపై సరకు బండ్లు కావలి లేక కదలుటకు భయపడు రోజులు వచ్చెను. బందిపోటు దొంగ ఆకాశమునుండి ఊడిపడడు. అతడు పనిచేయుటకు ఇట్టి బాటయొకటి ముందుగా సిద్ధమై యుండవలెను.

ఆ బాటకు సమీపముననే, నేటి జనగామ జిల్లాలో, షాపురమును తరికొండయు కలవు. పాపని జీవితమంతయు ఈ రెండు తావుల చుట్టును తిరిగినది.

అతని కథను మనకు చెప్పువారు ఇద్దరు. ఒకడు ఖాఫీఖాను అను చరిత్రకారుడు. పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున పారశీక భాషలో మొగలు చక్రవర్తుల చరిత్ర వ్రాసినవాడు. ఇతని దృష్టిలో పాపడు దుష్టుడు, దోపిడికాడు, అంతకుమించి మరేమియు కాదు. రెండవవాడు పాట పాడిన జంగము. ఇతని దృష్టిలో పాపడు వీరుడు. ఇద్దరును ఒకే మనుష్యుని గూర్చి చెప్పుచున్నారనుటలో సందేహము లేదు. కాని ఒకడు చెప్పినది రెండవవాడు చెప్పడు.

పాట తల్లితో మొదలగును. తల్లి కొడుకును కులవృత్తి చేసికొని బ్రతుకుమనును. మోకు, ముత్తాదు, గీతకత్తి, నడుమునకు కట్టు లొట్టి, ఇవి తాతలనాటినుండి వచ్చిన యాస్తి. కొడుకునకు ఆ యాస్తి పట్టదు. చెట్టెక్కి దిగి, ముంత ముంతకును ఆబ్కారీ లెక్క చెప్పి బ్రతుకుటకన్న గోలకొండ కోటను కొట్టుటయే మేలని అతని తలంపు. తల్లి బెదరును, కొడుకు బయలుదేరును. వినువారికి అప్పటికే వాడు తమవాడైపోయినాడు. కథకులకు ఈ యుపాయము బాగుగా తెలియును.

చరిత్రకారుడు కథను తల్లితో గాక అక్కచెల్లెలితో మొదలుపెట్టును. పాపనికి ధనవంతురాలైన తోబుట్టువు ఉండెను. ఆమె విధవ. 1690–1700 నడుమ నొకనాడు పాపడు మనుష్యులను వెంటబెట్టుకొని ఆమె యింటిపై పడి, ఆమెను బాధించి, నగలును నగదును దోచుకొనెనట. ఆ ధనముతోనే మొదటి బలగము కూడినది, తరికొండపై మొదటి కోట లేచినది. ఆ కోటనుండి బాటసారులను, వర్తకులను కొట్టుట యారంభమయ్యెను. గోలకొండ కోటకన్న ముందు అతడు కొట్టినది తోబుట్టువు ఇంటినని పాట చెప్పదు.

చుట్టుపట్ల ఫౌజుదారులును జమీందారులును ఏకమై అతనిని తరిమిరి. పాపడు నూరు మైళ్లకు పైగా పారిపోయి కౌలాసు చేరి, అచటి జమీందారైన వెంకటరావు కొలువున జమేదారుగా కుదిరెను. కొలువు దొరికినను చేయి ఊరకుండలేదు. అచటను దారులు కొట్టుట మొదలుపెట్టగా, వెంకటరావు అతనిని అనుచరులతో కూడ చెరసాలలో వేయించెను. కొన్ని మాసములకు వెంకటరావు కొడుకునకు జబ్బు చేసెను. బిడ్డ బ్రతికిన చాలునని తల్లి మ్రొక్కుకొని, పుణ్యము కొరకు చెరసాలలోని వారినందరిని విడిపించెను. ఒక తల్లి ప్రార్థనచేత బయటపడిన ఈ మనుష్యుడు, ఆ తరువాత ఎందరో తల్లులకు కంట తడి పెట్టించినాడు.

విడుదలయైన పాపడు షాపురము వచ్చెను. అచట సర్వడను జతగాడు తోడయ్యెను. ఇద్దరును గుట్టపై కోట కట్టి మరల దారులపై పడిరి. హైదరాబాదున ఉపసుబేదారుగా నున్న రుస్తుందిల్‌ఖాను, కొలనుపాక ఫౌజుదారైన ఖాసింఖానును పంపగా ఖాసింఖాను పోరులో మడిసెను. అంతట రుస్తుందిల్‌ఖాను స్వయముగా వచ్చి రెండు మాసములు ముట్టడించెను. పాపడును సర్వడును తప్పించుకొనిరి. కోటను నేలమట్టము చేసి ఖాను వెడలిపోయెను. అతడు వెడలినంతనే వీరు తిరిగి వచ్చి, ఈ సారి రాతితోను సున్నముతోను గట్టి కోటయే కట్టిరి. కొంతకాలమునకు సర్వడును, బలగములోని ముఖ్యుడైన పుర్దిల్‌ఖానును తమలో తాము కలహించి, ఒకరిచేత ఒకరు హతులైరి. పాపడొక్కడే నాయకుడయ్యెను.

ఆ బలగములో ఎవరుండిరి? ఈ విషయమున మాత్రము చరిత్రకారునికన్న జంగమే మనకెక్కువ తెలుపుచున్నాడు. పాటలో పాపని వెంట నడచినవారి పేర్లు వరుసగా వచ్చును. అందు చాకలి కలడు, మంగలి కలడు, కుమ్మరి, మేదరి కలరు. తురకలు కలరు, దూదేకుల వాడు కలడు. ఎరుకలవాడు, జక్కులవాడు, యానాది కలరు. బాపట్ల, రేపల్లె సముద్రతీరపు గ్రామములలో పెరిగిన మన విద్యార్థులు ఈ కులములలో దేనిని ఎరుగరు? బట్టలుతికినవాడు, కుండ చేసినవాడు, బుట్టలల్లినవాడు, పరుపుల దూది ఏకినవాడు ఒక జెండా క్రింద కత్తి పట్టిన కథ మన సాహిత్యమున మరియొకచోట నాకు కనబడలేదు. పేరుగల పండితులెవ్వరును వీరి పేర్లను కావ్యమున కెక్కింపలేదు, జంగము ఎక్కించినాడు. వారు హిందువులా, మహమ్మదీయులా యను విచారము ఆ వరుసలో ఎచటను లేదు. పాపని పోరు మతపోరాటమని ఈ మధ్య కొందరు తలంచుచున్నారు గాని, అతని కొల్వులో ఉభయులుండిరి, అతనిచే దోపిడియైనవారిలోను ఉభయులుండిరి, అతనిని వేటాడినవారిలోను ఉభయులుండిరి.

ఎరుకలవారి మాట వచ్చినది గనుక ఒక సంగతి. బాపట్లకు సమీపముననున్న స్టూవర్టుపురము 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీ వారి యాజమాన్యమున ఎరుకలవారి కొరకు ఏర్పడిన నివాసమే. కులమును బట్టి మనుష్యుని పుట్టుకతోనే నేరస్థుడని ముద్రవేసిన చట్టము 1871లో పుట్టి, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వర్తించి, 1952లో తొలగింపబడినది. దొంగయను మాట ఒక మనుష్యుడు చేసిన పనికి పేరా, లేక అతడు పుట్టిన ఇంటికి పేరా యను ప్రశ్న పాపని కాలముతో పోలేదని చెప్పుటకే ఈ ప్రస్తావన.

మరల కథకు వత్తము. 1706లో రుస్తుందిల్‌ఖాను రిజాఖానను మరియొక బందిపోటును పాపనిమీదికి పురికొల్పి చూచెను. ఫలము లేకపోయెను. మరుసటి సంవత్సరము తానే వచ్చి మరల షాపురమును ముట్టడించెను. ఈ సారి పాపడు కత్తితో గాక సంచితో బదులు చెప్పెను. పెద్ద మొత్తము పుచ్చుకొని ఖాను ముట్టడి ఎత్తి వెడలిపోయెను. సర్కారు అధికారి దొంగసొమ్ములో పాలు పుచ్చుకొనిన పిమ్మట దొంగకు ఇక భయమేమి? 1707 మార్చిలో ఔరంగజేబు మరణించెను. అతని కుమారులు సింహాసనము కొరకు ఒకరినొకరు వేటాడుకొనుచుండిరి. పాపడు ఇంతవరకు బాటలు కొట్టినవాడు, ఇపుడు పట్టణములు కొట్టుటకు పూనుకొనెను.

1708 మార్చి 31. మరునాడు మొహర్రములోని పదియవ దినము. ఓరుగల్లు ప్రజలు పీర్ల ఉత్సవపు సన్నాహములో మునిగియుండిరి. రెండు మూడు వేల కాల్బలముతోను, నాలుగైదు వందల గుఱ్ఱములతోను పాపడు చీకటిలో వచ్చి చేరెను. కొందరు బాటలు కట్టిరి, కొందరు త్రాళ్లతో ప్రాకారమెక్కి లోపల దిగి తలుపులు తీసిరి. కాకతీయులు ఏలిన పట్టణము, ఎన్నడో ఏకశిలానగరమని కవులు కొనియాడిన పట్టణము, రెండు మూడు దినములు ఒక గీతవాని చేతిలో నుండెను. ఓరుగల్లు తివాచీలకు పేరుపడిన ఊరు. మోయుటకు వీలుకాని పెద్ద తివాచీలను ముక్కలుగా కోసి పంచుకొనిరట. నగదు, వస్త్రములు, నగలు బండ్లకెక్కెను.

వస్తువులతో ఆగలేదు. కలవారి యిండ్ల స్త్రీలును బిడ్డలును చెరపట్టబడి షాపురమునకు తరలింపబడిరి. పట్టణపు ఖాజీ భార్యయు కుమార్తెయు ఆ చెరలో నుండిరి. ఆ కుమార్తె పసిపిల్ల. ఆమెను ఆటపాటలు నేర్చి సభలలో ఆడుటకు మేళమువారి కప్పగించిరని చరిత్ర చెప్పుచున్నది. న్యాయము చెప్పు ఇంట పుట్టిన ఆ బాలికకు ఎవరును న్యాయము చెప్పలేదు. ఆమె కొరకు ఏ తంబురాయు మ్రోగినట్లు వినము. పాపని పాట వినునపుడు నాకు ఈ పిల్ల గుర్తుకు వచ్చును, వద్దనుకొన్నను వచ్చును.

ఓరుగల్లు సొమ్ముతో షాపురము రాజధాని యయ్యెను. పాపడు ఏడు వందల జంటగొట్టపు తుపాకులు కొనెను. ఆ కాలమునకు అంతకంటె క్రొత్త యాయుధము లేదు. పల్లకీ ఎక్కెను, ఏనుగునెక్కెను, రాజులవలె కొలువుదీరెను. ధాన్యము మోసికొని పోవు బంజారాల బిడారులను పట్టి, పది పండ్రెండు వేల యెద్దులను తోలుకొనివచ్చి, వానిని కోట చుట్టుపట్ల పొలములలో నాగళ్లకు కట్టించెను. ఈ చివరి మాట తేలికగా దాటిపోదగినది కాదు. దోచుకొని తిని పోదలచినవాడు ఎద్దును కోసికొని తినును గాని అరక కట్టడు. అరక కట్టినవాడు వచ్చే పంటకు అచటనే యుండదలచినాడన్న మాట. పాపడు దొరతనమునే కోరెను, దొరలు చేయు పనులన్నియు చేసెను. గడ్డిపోచంత భూమిలేనివాడు అట్టి కోరిక కోరుటయే తక్కిన దొరలకు అపరాధముగా తోచెను.

రెండు మాసములకు, 1708 జూన్ 1న, మహమ్మదు ప్రవక్త జన్మదినోత్సవపు సమయమున, భువనగిరిపై పడెను. ఇచట ఓరుగల్లు జయము పునరావృత్తి కాలేదు. ఆ ఏకశిలా పర్వతముపై దుర్గము లొంగలేదు. క్రింది పట్టణమునుండి మాత్రము మరల మనుష్యులు చెరపోయిరి.

1709 జనవరిలో క్రొత్త చక్రవర్తి బహదూరుషా తన తమ్ముడు కాంబక్షును హైదరాబాదు వెలుపల ఓడించి పట్టణము ప్రవేశించెను. అపుడు జరిగినది చదువరులు నమ్మలేకపోవచ్చును. సర్కారు వేటాడుచున్న బందిపోటు కానుకలు పట్టించుకొని చక్రవర్తి దర్శనమునకు వచ్చెను. పదునాలుగు లక్షల రూపాయలు, సేనలకు చాలినంత ధాన్యము, తిండిసామగ్రి సమర్పించెనని లెక్క. యుద్ధముచేత బొక్కసము వట్టిపోయిన చక్రవర్తి సంతోషించి ఖిలతు, అనగా గౌరవవస్త్రము, దయచేసెను. గీతకత్తి పట్టవలసిన చేయి మొగలు పట్టువస్త్రము నందుకొనెను. పాపని జీవితమున ఇంతకన్న ఎత్తైన మెట్టు లేదు.

నగరములోని పెద్దలు మండిపడిరి. తమ ఆడువారు ఇంకను అతని చెరలో నుండగా అతనికి గౌరవమా యని షా ఇనాయతు మొదలగువారు చక్రవర్తికి మొరపెట్టుకొనిరి. చక్రవర్తి మాట మార్చి, పాపనిని అణచు భారము క్రొత్త సుబేదారు యూసుఫ్‌ఖానునకు అప్పగించెను. యూసుఫ్‌ఖాను దిలావర్‌ఖానుతో సేనను పంపెను.

కోట బయటినుండి పోలేదు, లోపలినుండి పోయెను. షాపురపు చెరలో నున్నవారిలో పాపని బావమరిదియు ఒకడు. ఇతడొక ఫౌజుదారు. పాపడు వేరొక జమీందారు కోటను ముట్టడించుటకై వెడలియున్న సమయమున, అతని భార్య తోడబుట్టినవాని దుఃఖము చూడలేక, అన్నములో ఆకురాళ్లు దాచి చెరసాలకు పంపెను. బందీలు సంకెళ్లు కోసికొని, కావలివారిని కట్టి, కోటను తామే పట్టుకొనిరి. పాపడు తిరిగివచ్చునప్పటికి తన కోట తలుపులు తనకు మూసియుండెను, తన ఫిరంగులే తనవైపు తిరిగియుండెను. ఆ పిమ్మట దిలావర్‌ఖాను సేన వచ్చి తాకెను. పాపడు తరికొండకు పారిపోయెను.

ఆ భార్య పేరు నాకు ఎచటను కనబడలేదు. ఈ కథలో ఆడువారి పాత్ర చూడుడు. నగలు పోగొట్టుకొన్న తోబుట్టువు, కొడుకు ప్రాణము కొరకు చెరసాల తెరిపించిన కౌలాసు దొరసాని, ఓరుగల్లు ఖాజీ కూతురు, అన్నములో ఆకురాయి దాచిన ఇల్లాలు. పాపని యెత్తును పతనమును వీరి చేతులమీదుగానే నడచినవి. పాటలో మాత్రము తల్లి యొక్కతెయే నిలిచియున్నది.

తరికొండ ముట్టడి మాసముల తరబడి సాగెను. చివరకు యూసుఫ్‌ఖాను పది పండ్రెండు వేల సేనతో స్వయముగా వచ్చి గుడారములు వేయించెను. పాపని బంట్లలో ఎవరు తమ పక్షమునకు వచ్చినను ఇనుమడి జీతమిత్తుమని చాటించిరి. ఆకలిగొన్నవారు ఒక్కరొక్కరే దిగిపోయిరి. 1710 మార్చి నాటికి కోటలో తుపాకి మందు అయిపోయెను. కాలికి గాయము తగిలిన పాపడు మారువేషము వేసికొని, ఎవరికిని చెప్పకుండ, రాత్రివేళ కొండ దిగెను.

రెండు దినములు కుంటుచు నడచి హసనాబాదను గ్రామము చేరెను. అచట ఒక కల్లుపాకలో కూర్చుండి కల్లు తెమ్మనెను. పాకవాడు అతని కులస్థుడే. గుడ్డలు బీదవాడివి, మాట మాత్రము ఆజ్ఞవలె నున్నది. గాయపడిన కాలును, ఆ మాటతీరును చూచి పాకవాడు ఇతడెవరో పోల్చుకొనెను. ఇంకను మంచి కల్లు తెచ్చెదనని కూర్చుండబెట్టి, బయటికి పోయి వర్తమానమిచ్చెను. మూడు వందల మందితో వచ్చి పట్టుకొనినవాడు చెరనుండి తప్పించుకొన్న ఆ బావమరిదియే.

కొన్ని దినములకు పాపనికి మరణదండనము జరిగెను. అతని తలను చక్రవర్తికి పంపిరి. మొండెమును హైదరాబాదు నగర ద్వారమున వ్రేలాడదీసిరి. చూచినవారు మరల ఇట్టి తలంపు తలంపరాదని సర్కారు ఉద్దేశము.

చూచినవారు పాట కట్టిరి. ఎవరు కట్టిరో పేరు లేదు. నూట అరువది యేండ్లు అది నోటనుండి నోటికి నడచినది. 1874లో జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు గేయకథలను గూర్చి వ్రాయుచు దీనిని అచ్చున కెక్కించెను. అప్పటికి మన పండితులు ఇట్టి పాటలను సాహిత్యముగా లెక్కింపలేదు. మన పాఠశాలలలో బాలురు ఆంగ్ల వాచకములలో రాబిన్‌హుడ్ కథ చదివి ఆనందింతురు. కలవారిని కొట్టి లేనివారికి పెట్టిన ఆ విలుకాడు నిజముగా నుండెనని చెప్పుటకు గట్టి ఆధారము దొరకలేదు. మన పాపనికి మాసము, తేది, తుపాకుల లెక్క కూడ కలవు. నిజముగా నుండినవాడు గనుకనే రాబిన్‌హుడ్‌వలె మచ్చలేనివాడు కాలేకపోయినాడు.

1969లో హాబ్స్‌బామ్ అను ఆంగ్ల చరిత్రకారుడు లోకములోని బందిపోట్లపై గ్రంథము వ్రాసి, ప్రభువులు నేరస్థుడన్నవానిని పల్లెవారు తమవాడనుకొను వింతను చర్చించెను. 1980లో వెల్చేరు నారాయణరావు, జాన్ రిచర్డ్స్ అను పండితులు పాపని పాటను ఒక ప్రక్కను, ఖాఫీఖాను వ్రాతను ఒక ప్రక్కను పెట్టి పరిశీలించిరి. 2005లో రిచర్డ్ ఈటన్ అను చరిత్రకారుడు దక్కను దేశపు ఎనిమిది జీవితములను వ్రాసిన గ్రంథమున, ఓరుగల్లును ఏలిన ప్రతాపరుద్రునకు ఒక అధ్యాయమును, ఓరుగల్లును దోచిన పాపనికి ఒక అధ్యాయమును సమానముగా ఇచ్చెను. ధనికులైన జమీందారులును, వర్తకులును, మొగలు అధికారులును ఒక్కటై అతనిని అణచిరని అందు వివరింపబడినది. పాపని జతగాండ్ర కులములును, పాపని శత్రువుల అంతస్తులును చూచినవారికి అది తెలియుచునే యున్నది.

తెలంగాణ ప్రభుత్వము ఇపుడు ఆగస్టు 18వ తేదిని పాపన్న జయంతిగా జరుపుచున్నది. గీత పారిశ్రామికుల సంఘములవారు పూలమాలలు తెచ్చెదరు. షాపురమును నేడు ఖిలాషాపురమందురు. ఊరి నడుమ కోట బురుజులు కలవు. హైదరాబాదునుండి ఓరుగల్లు పోవు రైలులో జనగామ దాటినపుడు ఆ దిక్కున గుట్టలును, గట్లపై తాటిచెట్లును కనబడును. తాళ్లకు లొట్లు కట్టియే యుండును.